కొనువారు కాలిడని అంగళ్లు

*ఇంటి గుమ్మమునకు పచారి సామాను చేర్చు వ్యాపారము లక్షలమందికి పని చూపినది. ఆ పనిలో నేర్చుకొనుటకు ఏమున్నది? నిలదొక్కుకొనుటకు ఏమున్నది?*

సాయంకాలము ఆరున్నర దాటిన పిమ్మట, హైదరాబాదు నగరమున నిజాంపేట దిక్కుగా పోవు ఒకానొక ఇరుకు వీధిలో, పై అంతస్తులలో అద్దెవాటాలును ప్రక్కన ఇస్త్రీ బండియు గల ఒక భవనము ముందు, సగము దించిన షట్టరుకు ఎదురుగా ముప్పది నలుబది ద్విచక్రవాహనములు అడ్డదిడ్డముగా నిలిచియుండును. వానిపై కూర్చున్న యువకులందరును ఒక్క తీరుగనే తలలు వంచి అరచేతిలోని తెరను చూచుచుందురు. ఆ షట్టరుపై గిరాకీని పిలుచు పేరుపలక లేదు. లోపల బేరమాడు గొంతు లేదు, త్రాసు లేదు, గల్లాపెట్టె లేదు. లక్ష్మీదేవి పటము మాత్రము మేనేజరు బల్లపైన, రసీదుల యంత్రమునకు ఆనుకొని, ఉన్నది.

సన్నని నడవలకు ఇరువైపుల ఇనుప అరలు. అరకొక అక్షరము, గడికొక సంఖ్య. అచ్చంపేట ప్రాంతమునుండి వచ్చిన ఇరువదేండ్ల యువతి చేతిలో స్కానరు కీచుమన్నది. పెరుగు, అరకిలో బెండకాయలు, కొత్తిమీర కట్ట ఒకటి, గోధుమపిండి, అగ్గిపెట్టె. ఏ వస్తువు ఏ గడిలో ఉన్నదో తెరయే చెప్పును. నడచుట, తీయుట, స్కానరుకు చూపుట, సంచిలో వేయుట, ఇంతవరకే ఆమె పని. శీతలగది తలుపు తీసి కొత్తిమీర కట్టను అందుకొన్న ఆమె, దానిని వ్రేళ్లతో ఒక్కసారి విప్పి చూచి, లోపలి రెమ్మలు నల్లబడినవని కనిపెట్టి, ప్రక్కన పడవేసి మరియొక కట్టను తీసికొనెను. ఆ నాలుగైదు క్షణములకు యంత్రమున పద్దు లేదు. "అక్కా, నాది అయ్యిందా?" అని బయటినుండి కేక. "పెరుగొక్కటే ఉంది అన్నా, వస్తుంది" అని లోపలినుండి జవాబు.

వ్యాపారులు 'డార్క్ స్టోర్' అని పిలుచు ఇట్టి దుకాణములు నేడు హైదరాబాదులోనే కాక విజయవాడ, విశాఖపట్టణములలోను వెలసినవి. ఒక్క బ్లింకిట్ సంస్థకే 2024 మార్చి నాటికి దేశమున 526 దుకాణములు ఉండగా, సరిగా ఒక్క సంవత్సరము తిరుగునప్పటికి అవి 1,301 అయినవి.

సమ్మె తరువాత మిగిలిన ప్రశ్న

2025 డిసెంబరు 25, 31 తేదీలలో సరుకులు, భోజనములు చేరవేయు కార్మికుల సంఘములు దేశవ్యాప్తముగా సమ్మెకు పిలుపునిచ్చినవి. వానిలో షేక్ సలావుద్దీన్ నాయకత్వమున నడచు తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ముందు వరుసలో నిలిచినది. పది నిమిషముల హామీని విరమింపవలెననునది వారి కోర్కెలలో ముఖ్యమైనది. ఆ డిసెంబరు 31 నాడే జొమాటో, బ్లింకిట్ రెంటికిని కలిపి నాలుగున్నర లక్షలకు మించిన డెలివరీ భాగస్వాములు 75 లక్షలకు పైబడిన ఆర్డర్లను చేరవేసిరని వాని మాతృసంస్థ యగు ఎటర్నల్ స్థాపకుడు దీపిందర్ గోయల్ ప్రకటించెను. సమ్మె సాగలేదని వారును, బహుమానపు సొమ్ము పెంచి జనమును రప్పించుకొన్నారని వీరును వాదించుకొనుచుండగనే, 2026 జనవరిలో కేంద్ర కార్మికశాఖామాత్యులు మన్సుఖ్ మాండవీయ సంస్థల ప్రతినిధులతో మాటలాడుటయు, బ్లింకిట్ తన ప్రకటన వాక్యమునుండి ఆ పది నిమిషములను తొలగించుటయు జరిగినవి.

ప్రకటన మారినంత మాత్రమున దుకాణము దూరము జరుగలేదు. అది ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపలనే ఉన్నది. ఎక్కువ ఆర్డర్లు చేరవేసినవానికి ఎక్కువ సొమ్మనెడి లెక్కయు అట్లే ఉన్నది. వేగము ఏర్పాటులోనే ఇమిడియున్నప్పుడు, వాక్యమును కొట్టివేయుట మర్యాదకే గాని మార్పునకు కాదు.

ఒక పక్షము అంకెలు చూపి, ఇన్ని లక్షలమందికి ఉపాధి కల్పించితిమనును. ఎదుటి పక్షము గాయములు చూపి, ఇవి ఉద్యోగములే కావనును. రెంటను నిజమున్నది, మన పత్రికలలో రెంటికిని చోటు దొరకినది. నాకు తోచిన ప్రశ్న వేరు: ఈ పనిలో నాలుగేండ్లు గడపిన మనిషి, ఐదవయేట ఏమి తెలిసినవాడై బయటికి వచ్చును?

మనిషి చౌక యగుటచే నిలిచిన వ్యాపారము

ఈ వర్తకము నిన్నమొన్న పుట్టినది కాదు. అమెరికాలో 1996లో లూయీ బోర్డర్స్ స్థాపించిన వెబ్‌వాన్ అను సంస్థ, కోట్ల డాలర్ల వ్యయముతో కదలు పట్టీలును తిరుగు అరలును గల మహాయంత్రముల గిడ్డంగులు కట్టి, ఇంటికి కూరగాయలు పంపబూని, 2001 జూలైలో దివాలా తీసి సుమారు రెండువేలమంది సిబ్బందిని ఇంటికి పంపినది. మన దేశమున 1999లో బెంగుళూరులో కొందరు మిత్రులు కలిసి ఫ్యాబ్‌మార్ట్ ప్రారంభించిరి. తెరమీది అమ్మకము చాలక వీధిలో దుకాణములు తెరచి ఫ్యాబ్‌మాల్ అని పేరు పెట్టిరి. ఆ దుకాణములు హైదరాబాదు వాసులకు చిరపరిచితమైన త్రినేత్ర సూపర్‌మార్కెట్లతో కలియుటయు, ఆ సమస్తమును ఆదిత్య బిర్లా సమూహము కొని 'మోర్'గా మార్చుటయు జరిగిన తరువాత, ఆ మిత్రులే 2011లో బిగ్‌బాస్కెట్‌గా మరల రంగములోనికి వచ్చిరి. ఒకనాడు త్రినేత్ర సంచులు మోసుకొని వచ్చిన మన గృహిణులలో ఎందరో నేడు బిగ్‌బాస్కెట్ సంచికి గుమ్మమున ఎదురుచూచుచున్నారు. ఈ రెండు సంచుల నడుమ ఇంత చుట్టరికమున్నదని వారికి తెలియకపోవచ్చును.

2016లో యూపీఐ చెల్లింపులు మొదలగుట, అదే సంవత్సరము డేటా చౌకయగుట, 2020 మార్చి లాక్‌డౌన్‌లో గడప దాటరాని స్థితి ఏర్పడుట, ఇవన్నియు పాఠకులెరిగిన కారణములే. అంతగా చెప్పుకొనని కారణమొకటి కలదు. వెబ్‌వాన్ యంత్రముచేత చేయింపజూచిన పనిని మన సంస్థలు మనుష్యులచేత చేయించుచున్నవి. ఏ కోట్లతో యంత్రము కొనవలెనో, అంతకన్న తక్కువలో అచ్చంపేటనుండి, శ్రీకాకుళమునుండి, ఒడిశానుండి, బీహారునుండి వచ్చిన పడుచువారు దొరకుచున్నారు. ఇచ్చట ఉపాధి ఇంత విరివిగా పుట్టుటకు మూలము వ్యాపారుల ఔదార్యము కాదు, కూలి చౌకతనము. కూలి పెరిగిననాడు గాని, యంత్రము ధర తగ్గిననాడు గాని ఈ లెక్క మారగలదని ఉపాధి అంకెలను శ్లాఘించువారు గుర్తుంచుకొనవలెను.

> గేట్స్‌హెడ్ అవ్వ బజారు
> ఇంటినుండి తెరమీద పచారి సామాను తెప్పించుకొన్న తొలి వ్యక్తిగా పేరుకెక్కినది ఇంగ్లండులోని గేట్స్‌హెడ్ పట్టణమునకు చెందిన జేన్ స్నోబాల్ అను 72 ఏండ్ల వృద్ధురాలు. 1984 మే నెలలో ఆమె టెలివిజన్ రిమోటు మీటలు నొక్కి టెస్కో దుకాణమునుండి మార్గరిన్, కార్న్‌ఫ్లేక్స్, గ్రుడ్లు తెప్పించుకొనెను. తెరయు టెలిఫోను తీగయు కలిపిన ఆ పద్ధతిని రూపొందించినవాడు మైకేల్ ఆల్డ్రిచ్. బయటికి పోలేని వృద్ధులకొరకు తలపెట్టిన సేవ అది. నేడు డాలస్‌లోని కుమారుడు గుంటూరులోని తల్లికి ఫోనులోనే బియ్యము, మందులు పంపించునప్పుడు ఆ మొదటి ఉద్దేశమే నెరవేరుచున్నది.

షట్టరు వెనుక

వీధిలో మనకు కనుపించువాడు బండిమీది యువకుడొక్కడే. అతడు బయలుదేరుటకు ముందు ఎంత పని జరుగునో చూచినవారు తక్కువ. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు పెద్ద గిడ్డంగినుండి వ్యానులు వచ్చును. వచ్చిన పెట్టెలను లెక్కించి చీటీతో సరిచూచుకొనువాడు 'ఇన్‌వార్డ్' మనిషి. వానిని అరలకు సర్దువాడు 'పుట్‌అవే' మనిషి. గడువు ముందు తీరునది ముందు, తరువాత తీరునది వెనుక, ఇది సర్దుబాటులోని ప్రథమ సూత్రము. పాల ప్యాకెట్ల విషయమున దీనిని మరచినవానికి ఆ రాత్రియే మేనేజరు చీవాట్లు. ఆర్డరు తీయువారు పికర్లు, కట్టువారు ప్యాకర్లు. పాళ్లు మార్చుకొనుచు ఒక్కొక్క దుకాణమున పదులకొద్ది మంది పనిచేయుదురు. వీరిలో పెక్కుమంది సంస్థ చిట్టాలో కాక మనుష్యులను సరఫరా చేయు ఏజెన్సీల చిట్టాలో ఉందురు. అయినను నెలజీతము, ప్రావిడెంటు ఫండు, ఈఎస్ఐ అను మాటలు వారి నోట వినవచ్చును. బండి తోలువానికి ఆ మూడును లేవు. బండి అతనిది, పెట్రోలు అతనిది, ఫోను అతనిది; విద్యుత్ స్కూటరైనచో వారమునకింత యని అద్దెయు అతనిదే. వాన కురిసిన రాత్రి రాబడి పెరుగును, ప్రమాదమును పెరుగును. ఫిర్యాదు వచ్చి ఐడీ ఆగినచో, ఎందుకాగినదో అడుగుటకు ఎదుట మనిషి ఉండడు. చాట్‌లో మరయంత్రము క్షమాపణ చెప్పును.

ఆడపిల్లల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. మన ఊళ్లలో కిరాణా కొట్టు గద్దెమీద యజమాని భార్య కూర్చుండుట కలదు గాని, పరాయి ఇంటి ఆడపిల్లను జీతమిచ్చి పనికి పెట్టుకొన్న కొట్టు చాల అరుదు. పికింగ్ పనిలో, కూరగాయల ఏరివేతలో నేడు ఆడువారు మెండుగా ఉన్నారు. డిగ్రీ మధ్యలో ఆగిన పిల్ల హాస్టలులో ఉండి, నెలకొకసారి ఇంటికి సొమ్ము పంపి, తమ్ముని ఫీజు కట్టుచున్నదనగా, ఆ కుటుంబమున ఆమె మాటకు విలువ పెరిగినదనియే అర్థము. ఈ వ్యాపారమును ఎంత విమర్శించినను దీనిని కాదనలేము.

కొట్టు అను పాఠశాల

పూర్వము జనగామనుండియో తెనాలినుండియో వచ్చిన యువకుడు పట్టణపు కిరాణా కొట్టులో చేరినచో, మొదటి యేడు అతనికి పొట్లములు కట్టుటతోనే సరిపోయెడిది. రెండవయేట ధరలు నోటికి వచ్చెడివి. మూడవయేట యజమాని వెంట బేగంబజారుకు పోయి, కందిపప్పును అరచేత రుద్ది మెరుగు పెట్టినదియో కాదో చెప్పుట, బియ్యపుగింజను పంట కొరికి పాతదో క్రొత్తదో తేల్చుట, మిరపకాయను తుంచి ఘాటు పట్టుట, చింతపండులో తేమ ఎంతయో ముద్దను నొక్కి కనిపెట్టుట అలవడెడివి. వీనినన్నిటిని మించిన విద్య ఉద్దెర విద్య. ఎవనికి ఖాతా ఇయ్యవచ్చును, ఎవనికి ఇయ్యరాదు, జీతము ఏ తేదీన వచ్చును, ఏ ఇంట పెండ్లి ఉన్నది, ఏ ఇంట జబ్బున్నది అను నెరుక ఏ పుస్తకమునను లేనిది. ఎనిమిది పది యేండ్లు ఇట్లు గడపినవాడు, యజమానియే హామీ నిలువగా, ఇంకొక పేటలో స్వంత కొట్టు తెరచుట మన బజారులలో ఎన్నియోమారులు జరిగినది.

ఆ బడి మెత్తనిదని నేననను. సెలవు లేదు, జీతము స్వల్పము, తిట్టు పుష్కలము. బంధువు కానివానికి, కులము వేరైనవానికి లోగుట్టు తెలియనిచ్చెడివారు కారు. ప్రావిడెంటు ఫండు అను మాటయే వారెరుగరు. కొట్టు విడచిన ప్రతివాడును కొట్టు తెరువలేదు. అయినను విద్య మనిషిలో మిగిలెడిది. ఎచ్చటికి పోయినను వెంట వచ్చెడిది.

డార్క్ స్టోరులో ఆ విద్య మనిషినుండి యంత్రమునకు తరలిపోయినది. ఏ పేటలో శుక్రవారము నాడు తమలపాకులు ఎన్ని పోవునో, వాన పడిన సాయంత్రము సెనగపిండి ఎంత కావలెనో అది లెక్కగట్టును. ధర అది నిర్ణయించును. బాకీ అను ప్రసక్తియే లేదు. పికరుకు పప్పు జాతి తెలియనక్కరలేదు, గడి సంఖ్య తెలిసిన చాలును. రెండు మూడు దినములలో నేర్చుకొనగల పని గనుకనే ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకొనగలుగుచున్నారు. ఆ కారణముననే ఎవరిని విడుచుటయు కష్టము కాకున్నది. ఎక్కువమందికి పని దొరకుటయు, ఆ పనిలో మనిషికి విలువ నిలువకుండుటయు ఒకే కారణమునుండి పుట్టినవి.

మెట్లు లేవా యనిన, ఉన్నవి. పికరు ఇన్‌వార్డ్ మనిషియై, పాళీ పెద్దయై, తరుగు లెక్కలును కాలము చెల్లిన సరుకు లెక్కలును చూడనేర్చి మేనేజరైన ఉదాహరణములు సంస్థలు గర్వముతో చెప్పుకొనును. అయితే పదులకొద్ది పికర్లకు మేనేజరొక్కడు. బండి తోలువానికి ఆ ఒక్క మెట్టును లేదు. నాలుగేండ్లలో వేలకొలది ఇండ్లు చూచి, ఏ అపార్టుమెంటుకు ఏ గేటు, ఏ లిఫ్టు, ఏ కాపలాదారు అని సమస్తము కంఠస్థము చేసినవాడు ఒక సంస్థ విడచి మరియొక సంస్థలో చేరినచో, అతని రేటింగు మొదటినుండి మొదలగును. ఇంతకాలము బాగుగా పనిచేసెనని తెలుపు కాగితమొకటి ఇచ్చుటకు ఏమి ఖర్చగునో నాకు బోధపడదు.

ఇక పేటలోని కొట్టు సంగతి. గడచిన యేడాది కాలములో రెండు లక్షల కిరాణా కొట్లు మూతపడినవని అఖిల భారత వినియోగవస్తు పంపిణీదారుల సమాఖ్య 2024లో పేర్కొన్నది. పంపిణీదారుల పక్షమున వెలువడిన అంకె గనుక దానిని ఆ దృష్టితోనే గ్రహింపవలెను. మూతపడక నిలిచిన కొట్లలో కొన్ని వాట్సాప్‌లో చీటీ తీసికొని, ఒక కుర్రవానిచేత సామాను పంపి, నెల మొదట డబ్బు పుచ్చుకొనుచున్నవి. ఉద్దెర ఇయ్యగలవాడు ఇప్పటికిని ఆ కొట్టు యజమానియే.

తోట చెంత

నేర్చుకొనుటకు చోటున్న పని ఈ వ్యాపారమున మరియొక చివర కనుపించును. చేవెళ్ల, శంకరపల్లి, వంటిమామిడి పరిసరములనుండి నగరమునకు వచ్చు కూరగాయలను సంస్థల సేకరణ కేంద్రములు ముందునాటి సాయంత్రము ఇచ్చిన ఇండెంటు మేరకు తీసికొనును. ఆ కేంద్రములలో ప్లాస్టిక్ క్రేట్ల ముందు వరుసగా కూర్చున్న స్త్రీలు టమాటను చేతిలో త్రిప్పి, పగులు, పుచ్చు, పచ్చిదనము చూచి మూడు రాసులు చేయుదురు. రెండు దినములు నిలుచునది ఏది, ఈ పూటకే పనికివచ్చునది ఏది అని వారి వ్రేళ్లు చెప్పును; ఈ యెరుకను యంత్రమింకను పూర్తిగా లాగికొనలేదు. రైతుకు కమీషను కోత లేదు, తూకమున మోసము తక్కువ, సొమ్ము బ్యాంకులో పడును. అయితే కేంద్రము తీసికొనునది మొదటి రాసి మాత్రమే. మిగిలినదానిని రైతు మరల బండికెత్తి బోయినపల్లి మార్కెట్టుకు తోలవలెను. మేలిరకము ముందే పోయిన సరుకునకు అచ్చట ఎంత పలుకునో రైతుకు తెలియనిది కాదు.

> అంకెలలో
> నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారము 2020–21లో దేశమున గిగ్ కార్మికులు 77 లక్షలు. 2029–30 నాటికి 2.35 కోట్లు కాగలరని అంచనా. సరుకులవారే కాక భోజనము, టాక్సీ మొదలగు సేవలవారును ఇందులో చేరుదురు.
> సామాజిక భద్రతా స్మృతి ప్రకారము సంస్థలు తమ వార్షిక వ్యాపారమున 1 నుండి 2 శాతము కార్మికుల నిధికి చెల్లింపవలెను. అది వారికి చెల్లించు మొత్తమున 5 శాతమునకు మించనక్కరలేదు.
> గిగ్ కార్మికులకు ప్రత్యేక చట్టము చేసిన తొలి రాష్ట్రము రాజస్థాన్ (2023).

తొంబది దినముల గీత

తెలంగాణలో 2023 డిసెంబరు 23న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లిలో గిగ్ కార్మికులతో సమావేశమై ఐదు లక్షల రూపాయల ప్రమాద బీమాను ప్రకటించిరి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేక చట్టపు ముసాయిదాను ప్రజల ముందుంచినది. కేంద్రమున 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి ఐదేండ్లు నిదురించి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఆ డిసెంబరు చివర వెలువడిన ముసాయిదా నిబంధనల ప్రకారము, ఒక ఆర్థిక సంవత్సరమున ఒకే సంస్థకు 90 దినములు గాని, పెక్కు సంస్థలకు కలిపి 120 దినములు గాని పనిచేసినవారికే ప్రయోజనములు లభించును. ఎంత స్వల్పముగా సంపాదించినను అది ఒక దినముగనే లెక్క. ఒకే రోజున మూడు సంస్థలకు పనిచేసిన మూడు దినములు. ఉదారమైన లెక్కగనే తోచును.

కాని 2026 ఆరంభమున దీపిందర్ గోయల్ వెల్లడించిన మరికొన్ని అంకెలను దీని ప్రక్కన పెట్టి చూడుడు. 2025లో జొమాటోకు పనిచేసినవారి సగటు రాబడి గంటకు 102 రూపాయలు. సగటున ఒక్కొక్కరు ఆ యేడాది పనిచేసినది 38 దినములు. 250 దినములకు మించి పనిచేసినవారు నూటికి 2.3 మంది. ఇది తీరిక వేళల పని, పూర్తికాలపు ఉద్యోగము కాదు అని నిరూపించుటకు ఆయన ఆ అంకెలు చూపెను. అవి భోజనపు ఆర్డర్లకు సంబంధించినవైనను, సరుకుల బండ్లమీదను అట్టి రాకపోకలే కనుపించును. పాలమూరు ప్రాంతపు యువకుడు పత్తి తీత ముగిసిన పిమ్మట రెండు నెలలు బండి తోలి, విత్తనముల వేళకు ఊరు చేరును. ఇంజనీరింగ్ విద్యార్థి ఫీజు గడువునకు ముందు నలుబది దినములు తోలి ఆపివేయును. వారి ఆర్డర్లమీదను నిధికి శాతము జమయగును. గీతకు ఇవతల ఆగిపోయినందున ఆ నిధినుండి వారికి రావలసినది ఏమియు ఉండదు. నిబంధనలను ఖరారు చేయువారితో సంఘములు ముందుగా బేరమాడవలసినది ఆ తొంబదిని గూర్చి. రాష్ట్ర చట్టమున తెలంగాణ అంతకన్న తక్కువ గీత గీయదలచినచో, అడ్డుపడునది ఏదియు నాకు కానరాదు.